ఇరవై బైట్లు

రాత్రి ఒంటిగంటకి అంబాజీపేటలో
మేలుకుని ఉండేవి మూడే:
కాలవ, కాపలా కుక్క,
కొబ్బరి రైతుల సొసైటీ మెట్ల కింది గదిలో
నేను సాకుతున్న లినక్సు డబ్బా.

మూడువేల నాలుగొందల ఖాతాలు.
ఎవరి తోటలో ఎంత కాయ దిగింది,
ఎవరు ఎంత అడ్వాన్సు వాడుకున్నారు,
ఎవరి పేరు మీద ఎవరు వేలిముద్ర వేశారు,
అన్నీ దాని కడుపులోనే.
డిస్కు ఇరుకు. ముందు దించుకుని
తరవాత మూట కడదామంటే
దించడానికి అరుగు లేదు.

అందుకని ఒక నిలువు గీత గీశాను.
గీతకి ఇవతల డంపు, అవతల జిజిప్,
తూముకి ఇవతల కాలవ, అవతల చేను ఉన్నట్టు.
పొర ఆరాక పొర పోసే తాండ్ర పని కాదిది.
రసం పడుతూ ఉండగానే చుట్ట చుట్టెయ్యాలి.
పదేపదే వచ్చే పేరుని ఒక్కసారే రాసి
తక్కిన చోటల్లా "సదరు" అని గురుతు పెట్టి
పుట్లకొద్దీ సరుకుని ఒక్క గోనెలో కుక్కేది.
మధ్యలో నేలమీద చుక్క పడేది కాదు.

తెల్లారి చూస్తే తేదీ పేరుతో ఫైలు.
లాగులో ఒక సున్నా.
ఆ యంత్రం భాషలో సున్నా అంటే కుశలం.
మా భాషలో అయితే,
ఆయ్ అండి.

శ్రావణంలో గోదారి ఎర్రబడింది.
బ్యారేజి దగ్గర రెండో హెచ్చరిక.
సెక్రటరీ నేరెళ్ల కామేశం గారు పంచె ఎగ్గట్టుకొచ్చి
"ఆ కాపీలేవో పెన్‌డ్రైవులో వేసి మేడమీదికి పంపెయ్" అన్నారు.
అప్పుడు చూశాను మొదటిసారి
పేరు కాదు, బరువు.

ఇరవై బైట్లు.
దాని కింద ఇరవై.
దాని కింద కూడా.
పదకొండు రాత్రులు.

పరీక్ష పెడితే అన్నీ పాసయ్యాయి.
గోనె గట్టిదే, ముడి సరైనదే,
లోపలే ఏమీ లేదు.

రెండో తారీకున పాస్‌వర్డు మార్చింది నేను.
స్క్రిప్టులో మార్చడం మరిచిందీ నేనే.
డంపు రోజూ గడపదాకా వెళ్ళి
లోపలికి రానివ్వకపోతే ఏదో గొణిగి వెనక్కొచ్చేది.
ఆ గొణుగుడు వినలేక ఎప్పుడో
గోతిలోకి మళ్ళించిందీ... సరే.
జిజిప్‌కి ఇవేమీ తెలీదు.
చేతికొచ్చిన శూన్యాన్ని శ్రద్ధగా అణిచి
తల కట్టి, తోక కట్టి అప్పజెప్పింది.
వరసలో ఆఖరివాడు ఆయ్ అంటే
వరసంతా ఆయ్ అన్నట్టే లెక్క.

శివారు చేలవాళ్ళకి ఇది కొత్త కాదు.
లాకుల దగ్గర పుస్తకంలో "నీరు వదలడమైనది",
అక్కడ ఆకుమడి నిండా నెర్రెలు.
నా దగ్గర అదే తిరగబడింది.
ఎండింది ఎగువన,
పండినట్టు రాసుకున్నది దిగువన.

వరండాలో జల్లు కొడుతున్నా
గెద్దాడ మంగాయమ్మ కురిడీలు ఏరుతూనే ఉంది.
అరచేతిలో తూస్తుంది, చెవి దగ్గర ఊపుతుంది.
లోపల గుడ్డు కదిలితే ఈ రాశి,
మౌనంగా ఉంటే ఆ రాశి.
"సంచీ కుట్టినోడు బాగానే కుట్టానంటాడు బాబూ,
ఆణ్ణడిగితే ఏం లాభం? కాయనడగాలి."
ఆ మాట నా గురించి కాదు.
రావులపాలెం వ్యాపారి తిప్పి పంపిన లోడు గురించి.

జనరేటరు వెలుగులో కూర్చుని ఒక లైను చేర్చాను:
వరసలో ఎవరు తప్పినా వరసంతా తప్పినట్టే.
ఇంకోటి: బరువు తగ్గితే నా ఫోను మోగాలి.
ఆ రాత్రి డబ్బా ఆయాసపడుతుంటే పక్కనే ఉన్నాను.
నలభై ఒక్క ఎంబీ.
పెన్‌డ్రైవుని తువ్వాల్లో చుట్టి మేడెక్కించాను.

నీళ్ళు రెండో మెట్టుదాకా వచ్చి
రెండు రోజులు నిలబడి వెళ్ళిపోయాయి.
మెట్టు మీద ఒక మట్టగిడస మిగిలింది.

ఇప్పుడు శుక్రవారాలు ఒక పాత డబ్బాలో
మూట విప్పి పోస్తాను.
మంగాయమ్మ కూలి ఖాతా వెతుకుతాను.
ఆఖరున పుచ్చుకున్న మూడొందల అరవై
కంటపడితేనే గది తాళం వేస్తాను.

ఆ పదకొండిట్లో ఒకటి చెరపలేదు.
ఎప్పుడైనా తోచనప్పుడు
బాగున్నావా అని అడుగుతాను.
సున్నా అంటుంది.
ఆయ్ అండి అంటుంది.